మూడో ఆనపకాయ

టెక్కలి నుంచి భావనపాడు పోయే దారిలో, ఉప్పుమళ్ళకు కాస్త ఇవతల, నలభై గడపల పల్లె ఒకటి ఉంది. అరవైల చివరి రోజుల్లో ఆ పల్లెలో దాలమ్మ చేతి ఆనపకాయ గారెలు తినని మనిషి లేడు. లేత కాయ చెక్కు తీసి, సన్నగా కోరి, అందులో ఊరిన నీటితోనే బియ్యప్పిండి కలిపేది. చుక్క నీళ్ళు పోసేది కాదు. పచ్చిమిర్చీ జీలకర్రా నూరి వేసి, ఉల్లిపాయ తరిగి పడేసి, తడి అరిటాకు మీద పలచగా తట్టి నువ్వులనూనెలో వదిలేది. ఎవరింటికి చుట్టాలొచ్చినా, ఊడ్పులు ముగిసిన రోజున కూలిజనానికి ఏమైనా పెట్టాలన్నా, దాలమ్మను కేకేసేవారు.

చేతిలో పనితనం ఎంత ఉందో మనసులో పిరికితనం అంత ఉండేది ఆ మనిషికి. ఊళ్ళోకి కొత్త మొహం వస్తే తలుపు చాటు నుంచే జవాబు చెప్పేది. పద్నాలుగేళ్ళకు పెళ్ళయింది, ఇరవై రెండేళ్ళకు మొగుడు పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. తల్లి పోతూ పోతూ ఎనిమిదేళ్ళ తమ్ముడు గంగులును ఆమె చేతిలో పెట్టింది. వాణ్ణి పెంచడమే ఆమెకు బతుకయింది. వాడు పెద్దవాడై పాలికాపుగా చేరాడు. పొలం నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, దాలమ్మ వీధి అరుగు మీదకీ ఇంట్లోకీ పది సార్లు తిరిగేది.

అలాంటి గంగులును అరవై తొమ్మిది వేసవిలో పోలీసులు పట్టుకుపోయారు.

వాడు చేసిందల్లా రైతు సంఘం సభకు రెండు సార్లు వెళ్ళడం. కొండల మీద జరుగుతున్న గొడవల మూలంగా జిల్లా అంతటా పోలీసు క్యాంపులు వెలిశాయి. ఈ పల్లెకు అరమైలు దూరంలో ఉన్న బడికి వేసవి సెలవులిచ్చారు గనక ముప్పై మంది పోలీసులు అందులో దిగారు. గంగులును "విచారించి పంపేస్తాం" అని తీసుకెళ్ళి, బడి చివరి గదిలో పెట్టారు. ఎనిమిది రోజులు గడిచినా పంపలేదు. దాలమ్మ రోజూ పొద్దున్న కుండలో గంజి పట్టుకుని గేటు దాకా వెళ్ళేది. కాపలా పోలీసు కుండ తీసుకుని కాసేపటికి ఖాళీది తెచ్చిచ్చేవాడు. తమ్ముడు ఎలా ఉన్నాడని అడగడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక కానిస్టేబుల్ ఆమె ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, బొద్దు మీసాలు. పేరు ఎల్లాజీ.

"దాలమ్మంటే నువ్వేనా?"

గంగులుకేదో అయిందనుకుంది. గుంజ పట్టుకుని తలూపింది.

"బయపడకమ్మా. మా వంటోడికి జొరమొచ్చింది. దొరకి సాయంత్రం టీలోకి ఏదైనా గావాలట. మీ ఊరి మునసబు నీ ఆనపకాయ గారెల సంగతి సెప్పినాడు. ముప్పై మందికి సెయ్యాల. నాలుక్కల్లా అందాల."

దొర అంటే ఇన్‌స్పెక్టర్ గణపతిరావు. ఆయన్ని దాలమ్మ దూరం నుంచి ఒక్కసారే చూసింది. కాని ఆ మాట వినగానే ఆమె భయంలోనే చిన్న ఆశ పుట్టింది. గారెలు ఆయనకు నచ్చితే, తమ్ముడి మాట ఎత్తవచ్చు.

ఇంటి కప్పు మీదకు పాకిన తీగకు రెండు లేత కాయలున్నాయి. కోసి తెచ్చింది. అవి ఇరవై మందికి కూడా చాలవని ఎల్లాజీకి అర్థమైంది. "ఉండు, నాను తెస్తాను" అని వెళ్ళి అరగంటలో ఇంకో కాయ తెచ్చాడు. పొట్టిగా, బొర్రగా, ముదురాకుపచ్చ రంగులో ఉంది. దాన్ని గుమ్మంలో పెట్టి, తనూ అక్కడే కూర్చున్నాడు. విజయనగరం దగ్గర పల్లెలో తన పెళ్ళాం బీరకాయ బజ్జీలు బాగా వేస్తుందనీ, మూడు నెలలుగా ఇంటి మొహం చూడలేదనీ చెప్పుకొచ్చాడు. దాలమ్మ వింటున్నట్టు తలాడించిందే గాని ఒక్క ముక్క చెవిన పడలేదు. పోలీసు గుమ్మంలో కూర్చుని ఉండగానే కత్తిపీట ముందేసుకుంది.

ఆనపకాయ ఎప్పుడు తరిగినా తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి కొరికి చూడటం తల్లి నేర్పిన అలవాటు. ఒక్కోసారి కాయ చేదుగా పుడుతుంది, చూడ్డానికి మామూలు కాయలాగే ఉంటుంది. దాలమ్మ చిన్నతనంలో వాళ్ళ వీధిలోనే ఒక ఇంటివాళ్ళు చేదుకాయ పులుసు తిని మూడు రోజులు నెత్తుటి వాంతులు చేసుకున్నారు. ఆ ఇంటి ముసలావిడ లేవలేదు. అందుకని తన రెండు కాయలూ కొరికి చూసింది. తియ్యగా ఉన్నాయి. మూడోది కోసి, ముక్క నోటి దగ్గరకు తీసుకుంది.

"ఏటమ్మా, దొర తినేదాన్ని నువ్వు ఎంగిలి సేస్తావా?" అన్నాడు ఎల్లాజీ. కోపంగా అనలేదు. తొందరగా అన్నాడు. "బేగి కానీ. మూడైపోనాది."

ఆ ముక్క గారెల్లో కలిపేది కాదు, పక్కన పారేసేదే, ఇందులో ఎంగిలి ఏముంది అని చెప్పొచ్చు. మరొకరైతే చెప్పేవారే. దాలమ్మ ముక్కను పీట పక్కన పెట్టేసి కాయ కోరడం మొదలుపెట్టింది.

మొదటి వాయిలు తన కాయలవే. చివరి వాయిలకు మూడో కాయ కోరు కలిపింది. అన్నీ ఒకే తట్టలోకి ఎత్తి, పైన ఆకు కప్పింది. ఎల్లాజీ తట్ట భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు. పొద్దున్నుంచి ఆమె ఏమీ తినలేదు. గిన్నె అంచులకు అంటుకున్న పిండి గీకితే చిన్న గారె ఒకటయింది. దాన్ని వేయించుకుని పొయ్యి ముందు కూర్చుని కొరికింది.

ముందు కారం తగిలింది. నమిలి మింగాక గొంతులో చేదు పైకి లేచింది. మిర్చి చేదేమో అనుకుంది. పీట పక్కన పెట్టిన పచ్చిముక్క తీసి పంటితో నొక్కింది. నాలుక ముడుచుకుపోయింది. ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించినా చేదు పోలేదు.

దాలమ్మ చాలాసేపు కదల్లేదు. నూనె మూకుడు పొయ్యి మీద అలాగే పొగలు కక్కింది.

పక్కింటి అసిరమ్మ ఆ పొగ చూసి పరుగున వచ్చి మూకుడు దించింది. సంగతి విని ఆమె మొహం కూడా మాడిపోయింది.

"ఒలే, నోరు మూసుకుని ఇంట్లో కూకో. అందరికీ పడుతాదేటి, పోలీసోలు రాళ్ళు తిని అరాయించుకుంటారు. ఏటీ కాకపోతే ఎవులికీ తెలవదు."

"అయితేనో?"

"అయితే అప్పుడు సూద్దాం. ఇప్పుడు నువ్వు పోయి సెప్తే, ఇసం పెట్టినావంటారు. నీ తమ్ముడు ఆల సేతిలోనే ఉన్నాడు, అది మర్సిపోకు."

దాలమ్మ మరిచిపోలేదు. ఆమె మనసులో ఉన్నదంతా అదే. గంగులు అక్క గారెలు చేసింది, గారెలు తిన్న పోలీసులు పడిపోయారు. ఇంతకన్నా ఇంకేం కావాలి వాళ్ళకు? వాణ్ణి ఆ గదిలోంచి ఈడ్చుకొచ్చి ఏం చేస్తారో. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరైనా జాలిపడి, మీ అక్క చేసినవేరా అని వాడికీ రెండు గారెలు పెడితే?

అప్పుడు లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. అసిరమ్మ చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని పొలాలకు అడ్డం పడింది. కోసిన మడి మోళ్ళు పాదాల్లో గుచ్చుకుంటున్నాయి. సగం దూరం పరుగెత్తింది. బడి కనిపించగానే కాళ్ళు అవే ఆగిపోయాయి. వెనక్కి తిరిగింది. నాలుగడుగులు ఇంటివైపు వేసింది కూడా. మళ్ళీ బడివైపు తిరిగి, నేల చూపులు చూస్తూ నడిచింది. పైకి చూస్తే వెళ్ళలేనని ఆమెకు తెలుసు.

గేటు దగ్గర పోలీసు తుపాకీ అడ్డం పెట్టాడు.

"గారెలు తినొద్దని సెప్పు బాబూ," అంది. "కాయ సేదుది. తినొద్దను."

అతనికి ముందు అర్థం కాలేదు. రెండోసారి చెప్పేసరికి లోపలికి పరుగెత్తాడు.

బడి వరండాలో కుర్చీ వేసుకుని గణపతిరావు కూర్చున్నాడు. బల్ల మీద పళ్ళెంలో సగం కొరికిన గారె ఒకటి ఉంది. మెట్ల మీదా చెట్టు కిందా పోలీసులు గ్లాసులు పట్టుకుని ఉన్నారు. తట్ట దాదాపు ఖాళీ అయింది.

"చేదుగా ఉంటే మెంతులు వేశావనుకున్నాను," అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఏం జరిగింది?"

దాలమ్మ చెప్పింది. చెబుతూండగానే చెట్టు కింద ఒకతను గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మరో నిమిషానికి ఇంకొకడు కడుపు పట్టుకుని దొడ్డివైపు పరుగెత్తాడు. అప్పటిదాకా కూర్చున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎవరో తుపాకీ అందుకున్న చప్పుడయింది.

గణపతిరావు కుర్చీలోంచి లేవలేదు. "నువ్వు గంగులు అక్కవు కదూ?"

"ఔను బాబూ."

"ఏం కలిపావు?"

"ఏటీ కలపనేదు. కాయ రుసి సూణ్ణేదు. నా తప్పది."

"ఎవరు కలపమన్నారు?"

ఏం చెప్పినా ఆయన వినేది వేరేలా ఉంటుందని ఆమెకు తెలిసిపోయింది. ముందుకెళ్ళి తట్టలో చెయ్యి పెట్టింది. అడుగున నాలుగు గారెలున్నాయి. ఒకటి తీసి తిన్నది. చేదు. రెండోది తీసింది. అది అసలు చేదు లేదు, తన కాయది. మూడోది కొరికేసరికి దవడలు బిగుసుకున్నాయి. కళ్ళ నీళ్ళు కారుతుంటే నమిలి మింగింది. ఆయన ఆపమనలేదు. నాలుగోది కూడా తినే దాకా చూస్తూ ఉన్నాడు.

"అక్కడ కూర్చో," అన్నాడు వరండా చివర చూపించి. "ఆసుపత్రికి మనిషిని పంపండి."

కూర్చుంది. వరండా చివరి గది తలుపుకు తాళం వేసి ఉంది. గంగులు ఉన్నది ఆ గదిలోనే అయి ఉండాలి. పిలిస్తే పలుకుతాడు. పిలవలేదు. ఆ గోడకు వీపు ఆనించి ముడుచుకుంది. ఇటు మరో ఇద్దరు వాంతులు చేసుకున్నారు. పోలీసుల్లో ఒకడు వచ్చి ఆమె మీద వంగి, "మాలో ఒక్కడు సచ్చినా ఈ రోజు నీ ఊరుండదు" అని చెప్పి వెళ్ళాడు. ఆమె కడుపులో మెలి మొదలైంది. నొప్పి వస్తుంటే ఒకవైపు భయం, ఒకవైపు కొంచెం నిబ్బరం. తనూ వాంతి చేసుకుంటే విషం పెట్టలేదని నమ్ముతారేమో. తను చచ్చిపోతే ఇంకా గట్టిగా నమ్ముతారు. కాని అప్పుడు గంగులుకు ఎవరున్నారు?

మిషన్ ఆసుపత్రి కాంపౌండరు జ్ఞానానందం సైకిలు మీద వచ్చేసరికి అయిదు దాటింది. సన్నటి, పొడుగాటి మనిషి, తెల్ల ప్యాంటుకు క్లిప్పులు పెట్టుకుని ఉన్నాడు. పడుకున్న వాళ్ళ నాడి చూశాడు, కనురెప్పలు ఎత్తి చూశాడు. ఇన్‌స్పెక్టర్ పళ్ళెంలో మిగిలిన సగం గారె చిదిపి నాలుకకు తగిలించుకుని వెంటనే ఉమ్మేశాడు.

"ఇది ఎవరో కలిపిన మందు కాదండి. చేదానప. మా ఆసుపత్రికి ఏడాదికి ఒకటో రెండో ఇలాంటి కేసులు వస్తాయి. ఎక్కువ తిన్నవాళ్ళను కనిపెట్టుకుని ఉండాలి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెం పట్టండి." తర్వాత ఆమెవైపు తిరిగాడు. "ఆ కాయ ఎక్కడిదమ్మా? మీ పాదుదేనా?"

దాలమ్మ చూపు ఎల్లాజీ మీద పడింది. అతను స్తంభం పక్కన నిలబడ్డాడు. మొహం పాలిపోయింది, వాంతి చేసుకున్నట్టు మీసాలు తడిగా ఉన్నాయి. అతని పేరు చెప్తే తన మీది నేరం సగం తగ్గుతుంది. కాని పోలీసు మీద పోలీసుకు ఫిర్యాదు చెప్పి, తర్వాత ఆ ఊళ్ళో బతకడం ఎలాగో ఆమెకు ఊహకు అందలేదు.

"రెండు నావే," అంది. ఆగిపోయింది.

"మూడోది?" అన్నాడు గణపతిరావు.

గోడ అవతల ఎవరో డోకుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"నాను తెచ్చినాను సార్," అన్నాడు ఎల్లాజీ. "బడెనక కంచె మీద తీగుంది, దానికున్నది కోసినాను. ఆయమ్మ రుసి సూడబోతే నానే సూడనివ్వనేదు. ఎంగిలన్నాను."

గణపతిరావు ఇద్దరు పోలీసుల్ని కంచె దగ్గరకు పంపాడు. వాళ్ళు మరో మూడు కాయలు కోసుకొచ్చారు. జ్ఞానానందం జేబులోంచి చాకు తీసి, ఒక్కోదాన్నీ కోసి ముక్క నాలుక చివర పెట్టుకున్నాడు. మూడింటికీ మూడుసార్లు ఉమ్మాడు. ఇన్‌స్పెక్టర్ తనూ ఒక ముక్క తీసుకుని చూశాడు. మొహం చిట్లించి రుమాలుతో నోరు తుడుచుకున్నాడు. తీగ పీకి తగలబెట్టమని చెప్పాడు.

తర్వాత ఆమె దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "నువ్వు వచ్చి చెప్పకుండా ఉండి, పొద్దు పోయాక మాకు తెలిసి ఉంటే..." అని మధ్యలో ఆపేశాడు. ఆ మిగిలిన మాట ఏమిటో దాలమ్మ తర్వాత ఎన్నో ఏళ్ళు ఊహించుకుంటూనే ఉంది.

"బాబూ," అంది. "మా గంగులుకి పెట్టినారా ఇయ్యి?"

"పట్టుకొచ్చిన వాళ్ళకు గారెలు పెడతామా?" అన్నాడాయన.

ఆ మాట కటువుగానే అన్నాడు. దాలమ్మకు మాత్రం ఒంట్లో ఉన్న బిగువంతా ఒక్కసారి వదిలిపోయింది. అక్కడే పక్కకు ఒరిగి వాంతి చేసుకుంది. లేవబోతే కాళ్ళు నిలవలేదు. ఇంకా చీకటి పడకముందే మునసబు ఎడ్లబండి పిలిపించి ఆమెను ఇంటికి పంపారు. జ్ఞానానందం బండి పక్కనే సైకిలు నడిపించుకుంటూ వచ్చి, అసిరమ్మకు ఏమేం పట్టాలో చెప్పి వెళ్ళాడు.

రెండు రోజులు ఆమె మంచం దిగలేదు. మూర్ఛ వచ్చినట్టు నిద్రపోవడం, ఎవరో తలుపు కొట్టినట్టు ఉలిక్కిపడి లేవడం. "ఎంతమంది సచ్చిపోనారు?" అని అడిగేది అసిరమ్మను. ఎవరూ పోలేదని అసిరమ్మ ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. పోలీసుల్లో దాదాపు అందరూ మూడో రోజుకు తేరుకున్నారు. అందులో ఒకతన్ని మాత్రం వారం రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ వారమంతా దాలమ్మ బండి చప్పుడు వినిపిస్తే చాలు, పెరటి గుమ్మం వైపు చూసేది.

గంగులును దాని తర్వాత కూడా వదల్లేదు. శ్రీకాకుళం తీసుకెళ్ళారు. చేసిన మేలుకు తమ్ముణ్ణి విడిచిపెడతారని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు గాని, దాలమ్మ అలా అనుకోలేదు. విషం పెట్టిందని రాసుకోకపోవడమే ఆమె దృష్టిలో పెద్ద మేలు.

నెల తిరక్కుండానే దువ్వుకుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికి రావడం మొదలైంది. నడినెత్తిన చర్మం కనపడేది. బెంగతో రాలిందని ఆమె అనుకుంది, ఊరు కూడా అదే అంది. తల మీద కొంగు తియ్యడం మానేసింది.

వానలు పడ్డాక క్యాంపు ఎత్తేశారు. వెళ్ళేముందు ఎల్లాజీ ఆమె గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి దాలమ్మ తలుపు చాటుకు పోలేదు. ఎందుకు పోలేదో ఆమెకే తెలియదు.

"మా ఊరు పోతన్నాను," అన్నాడు. "సెలవు దొరికింది. మూడు వారాలు." నెత్తి మీది టోపీ తీశాడు. నుదుటి పైనుంచి నడినెత్తి దాకా నున్నగా ఉంది. "సూసినావా? ఆ గారెలు తిన్నాక ఇలాగ రాలిపోనాది. నా ఆడది గుర్తు పడుతాదో నేదో."

దాలమ్మ ఒక క్షణం ఆ తలవైపు చూసింది. తర్వాత తన కొంగు రెండు వేళ్ళతో పక్కకు జరిపి తన నెత్తి చూపించింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. ఎల్లాజీ టోపీ పెట్టుకుని చెయ్యెత్తి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

గంగులు పది నెలలకు ఇంటికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు, ఎడమ చెయ్యి పైకెత్తలేకపోతున్నాడు. దాలమ్మ వేడివేడి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. సగం తిన్నాక వాడే అన్నాడు.

"ఆ రోజు వరండాలో నీ గొంతు ఇనపడ్డాది అప్పా. నిన్ను కూడా తెచ్చేసినారనుకున్నాను. పిలుద్దామంటే బయమేసింది. పిలిస్తే నిన్నేటి సేస్తారో అని."

దాలమ్మ మజ్జిగ చెంబు అందుకుని వాడి కంచంలో వొంపింది.

"నానూ గోడవతలే కూకున్నాను," అంది. "నానూ పిలవనేదు."